పన్నెండు బోర్ తుపాకీ రిపేరు షాపు: ఐదుకు నాలుగు. ఆయుధాల చట్టం అమలు: ఐదుకు ఒకటిన్నర

షాపు పేరు రాయను. రాస్తే రివాల్వర్ పట్టుకుని ఫొటో దిగుదామని పోరగాళ్లు వస్తారు, వద్దని ఆ షాపు పెద్దాయనే అన్నాడు, ఆయన మాట న్యాయమే. హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక పాత లైసెన్స్ డీలర్ షాపు అనుకోండి. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఇప్పటికీ పంట కాపలా తుపాకులు ఉన్నవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్లకు రిపేరుకు, తూటాలకు, ఎన్నికలప్పుడు భద్రంగా పెట్టుకోవడానికి ఒక చోటు కావాలి, మా చుట్టుపక్కల నేనెరిగినంతలో అట్లాంటి షాపు లేదు, అందుకే ఈ రివ్యూ. తుపాకీ అనగానే మొహం చిట్లించేవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. నేను లైసెన్స్ తీసుకుని పద్ధతిగా తుపాకీ పెట్టుకునే మామూలు మనిషి పక్షం, అందులో దాచుకునేదేం లేదు.

మాది 12 బోర్ సింగిల్ బ్యారెల్, అంటే రవ్వల తూటాలు కాల్చే ఒంటి గొట్టం తుపాకీ. సుత్తి బయటికి కనబడే పాత రకం, నాన్న పేరు మీద ఉండేది. చెలకలో పల్లి, కంది, బోరుబావి కింద కొంచెం బత్తాయి. నాన్నకు డెబ్బై దాటాక నా పేరు మీదికి మార్పించుకున్నాం. ఇది చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నా: 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ప్రకారం లైసెన్స్ ఉన్న పెద్దమనిషి చనిపోయేదాకా ఆగాల్సిన పనిలేదు. ఆయనకు 70 ఏళ్లు నిండినా సరే, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా సరే, ఏది ముందైతే అప్పుడు వారసుడు తన పేరు మీద లైసెన్స్ అడగొచ్చు. మా పక్కూరి ముసలాయన ఒకరు ఇది తెలియక, ఇక నావల్ల కాదని తుపాకీని స్టేషన్‌లో అప్పగించి వచ్చాడు. కొడుకు ఇప్పుడు కావాలంటున్నాడు, కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

షాపు సంగతికి వస్తా. లోపలికి పోగానే గోడకు గొలుసు వేసి నిలబెట్టిన తుపాకులు, గాజు బల్ల, బల్ల వెనక లావుపాటి రిజిస్టరు. కూర్చున్నాయనకు డెబ్బై పైనే ఉంటాయి, వచ్చినవాళ్లంతా చాచా అంటారు, నేనూ అట్లనే అన్నా. ముందు అడిగేది లైసెన్స్. అది చూడకుండా తుపాకీ కవర్ జిప్పు కూడా తీయనివ్వడు. యూఐఎన్ అనే లైసెన్స్ గుర్తింపు నంబరు, ఫొటో, చెల్లుబాటు తేదీ చూసి, తర్వాత తుపాకీ మీద చెక్కిన నంబరును భూతద్దం పెట్టి సరిచూశాడు. మా తుపాకీ మీద ఒక అంకె అరిగిపోయి 3 అంటే 3, 8 అంటే 8 అన్నట్టు ఉంటుంది. గుడ్డతో తుడిచి, దాని మీద సుద్దముక్క రాసి, వేలితో చెరిపేస్తే గీతల్లో తెల్లగా సుద్ద నిలిచింది, 8 అని తేలింది. లైసెన్స్‌లోనూ 8 ఉంది. "ఇది 3 వచ్చి ఉంటే నేను ముట్టను బేటా, నువ్వు కలెక్టర్ ఆఫీసుకు పోవాల్సిందే" అన్నాడు. నాకు నచ్చింది. తుపాకీ షాపంటే ఇంత పట్టింపు ఉండాలి.

అప్పుడు పని మొదలుపెట్టాడు. లీవర్ తోసి బ్యారెల్ వంచి, తూటా కూర్చునే గూడు ఖాళీగా ఉందని తాను చూసి నాకూ చూపించి, బ్యారెల్ విడదీసి ట్యూబులైటు వైపు పెట్టి ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు. "గూటికి ముందర చిన్న చిన్న గుంటలున్నయి. నల్ల తుపాకిమందు తూటాలు కాల్చి కడగకుండ పెట్టిన్రు మీ నాయన" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నాడు, తల తిప్పుకున్నాడు. తర్వాత సిగరెట్ కాగితం ముక్క బ్యారెల్‌కూ వెనక దిమ్మెకూ మధ్యన పెట్టి మూసి లాగాడు. బిగువుగా ఉంటే కాగితం చిరుగుతుందట, మాది మెల్లగా జారి బయటికొచ్చింది, అంటే కీలు అరిగి లూజు అయిందని. ఇది పట్టించుకోకుండా కాలుస్తూ పోతే ఏదో ఒకరోజు వేడి గ్యాసు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి వస్తుందని చెప్పాడు. ఫైరింగ్ పిన్ మొన కూడా మొద్దుబారి ఒక పక్కకు ఒరిగింది. కొన్ని తూటాలు పేలకపోతే నెమ్ము పట్టాయని నాన్న అనేవాడు, వాటి వెనక చూస్తే సొట్ట నడిమధ్యన పడకుండా అంచుకు పడేది, కారణం ఇదన్నమాట.

పిన్ను కొత్తది వేశాడు, కీలు సరిచేశాడు, మడమ చెక్కలో సన్న పగులుంటే జిగురు పట్టించి దారం చుట్టి ఆరబెట్టాడు. లోపలి గుంటలు తోమి మెరిపించమని నేను అడిగితే ఒప్పుకోలేదు. తోమితే అక్కడ ఇనుము పలచబడుతుంది, అందంగా కనబడుతుంది కానీ బలం పోతుంది, ఇట్లనే నూనె పట్టించి వాడుకో, ఏడాదికోసారి చూపించు అన్నాడు. అడిగిన పని చేసి డబ్బులు తీసుకోవచ్చు కదా, తీసుకోలేదు. మొత్తం నాలుగు వేల పైచిలుకు అయింది, వారం పది రోజుల్లో ఇస్తానని అన్నమాట ప్రకారం ఇచ్చాడు. నాలుగు స్టార్లు ఈ ఒక్క పనికే.

ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే తూటాలు. ఇక్కడ దొరికేవి ఎక్కువగా శక్తిమాన్ తూటాలే, పూణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీలో తయారయ్యే సర్కారీ సరుకు. 2021 అక్టోబర్ 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలు చేశారు, ఖడ్కీ అందులో మ్యూనిషన్స్ ఇండియా కిందికి పోయింది. కంపెనీ అయితే సరుకు బాగా వస్తుందని అన్నారు. నేను పోయినప్పుడల్లా పిట్టలకు పనికొచ్చే సన్న రవ్వల తూటాలు ఉంటాయి, పెద్ద గుండ్లుండే ఎల్‌జీ, ఎస్‌జీ తూటాలు మాత్రం "వచ్చే నెల". ఇది చాచా తప్పు కాదు కానీ, సరుకు ఉందో లేదో ఫోన్‌లో చెప్పడు, మనిషి వస్తేనే చెప్తానంటాడు. ఫోన్‌లో చెప్పకపోవడం భద్రత కోసమట. మాల్ ఊరు, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి ఒట్టి చేతులతో తిరిగిపోయేవాడికి ఆ భద్రత ఏం అర్థమవుతుంది. ఇంకోటి, రిపేరుకు ప్రింటు బిల్లు ఇవ్వడు, చేతిరాత చీటీ, అదీ ఉర్దూలో. తూటాలకు మాత్రం పక్కా బిల్లు, లైసెన్స్ మీద ఎంట్రీ, రిజిస్టర్లో సంతకం, ఒక్కటి కూడా వదలడు.

ఇక చట్టానికి ఒకటిన్నర ఎందుకో చెప్తా, అసలు కడుపు మంట అక్కడుంది.

1959 ఆయుధాల చట్టం తెరిచి 13వ సెక్షన్ చదవండి. ఇరవై అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న నున్నటి గొట్టం తుపాకీని రక్షణకో ఆటకో అడిగినా, మజిల్ లోడర్‌ను, అంటే మూతి నుంచి మందు దట్టించే పాత రకాన్ని, నిజంగా పంట కాపలాకు అడిగినా, అధికారి లైసెన్స్ ఇవ్వాల్సిందే అని ఉంది. మజిల్ లోడర్ సరిపోదనిపిస్తే పంట కాపలాకు కూడా మా లాంటి 12 బోర్ ఇవ్వొచ్చు. కాదనాలంటే 14వ సెక్షన్‌లో చెప్పిన కారణాలు ఉండాలి, ఆ కారణం కాగితం మీద రాయాలి. ఆస్తి లేదని కాదనకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది, అంటే ఐదెకరాల ఆసామికీ అరెకరం ఆసామికీ ఒకటే లెక్క. పోలీసు రిపోర్టుకు గడువుంది, నిర్ణయానికి గడువుంది, కాదంటే 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. పిస్టల్, రివాల్వర్ అడిగేవాడికి సరైన కారణం చూపించే బాధ్యత ఉంటుంది, అది వేరే సంగతి. రైతు తుపాకీ విషయంలో చట్టం రాసినవాళ్లు మన వైపే ఉన్నారు. ఇది నా కవిత్వం కాదు, ఎవరైనా చదువుకోవచ్చు.

మరి ఆఫీసులో ఏం జరుగుతుంది? ఏ ఆఫీసని పేరు పెట్టను, కూర్చున్న మనుషులు మారుతుంటారు, తీరు మారదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం, డాక్టర్ సర్టిఫికెట్ పెట్టాం, ఆయుధ భద్రత ట్రైనింగ్ సర్టిఫికెట్ పెట్టాం. ఫైలు ఒక టేబుల్ మీద పడుకుంటుంది, అడిగితే రిపోర్టు రాలేదంటారు, రిపోర్టు ఇచ్చేవాళ్లను అడిగితే ఎప్పుడో పంపామంటారు. మధ్యలో ఒక సారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి "నీకు తుపాకీ ఎందుకయ్యా, కుక్కను పెంచుకో" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే వారంలో ఒక లీడర్ గన్‌మెన్ ఇద్దరిని వెంటేసుకుని పెళ్లికి వచ్చి భోజనం చేసి పోయాడు, ఆయనను ఎవరూ కుక్కను పెంచుకోమని అనలేదు. చివరికి వచ్చింది అనుకోండి, కానీ చట్టం ఇవ్వమన్నదాన్ని దానం చేసినట్టు ఇస్తారు.

మా వైపు వాళ్లకు ఇంకో మెలిక. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పక్కనే ఉంది కాబట్టి, 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి, ఉన్న లైసెన్స్‌దారులు కూడా పేరు నమోదు చేసుకోవాలి. పులులను కాపాడాలి, దాంతో నాకు పేచీ లేదు. కానీ అడవి పందులు ఎక్కువుండేదీ ఆ పది కిలోమీటర్లలోనే, తుపాకీ దొరకనిదీ అక్కడే.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కొట్టొచ్చని ఎవరూ అనుకోవద్దు. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది, 11వ సెక్షన్ కింద అనుమతి లేకుండా కొడితే జైలే. ఇప్పటిదాకా మా తుపాకీ ఎక్కువసార్లు చేసిన పని రాత్రి పూట గాల్లోకి ఒక చప్పుడు, అంతే, గుంపు చెదిరిపోతుంది. ఆ చప్పుడు లేకపోతే పల్లిచేను తెల్లారేసరికి ట్రాక్టర్ తిరగేసినట్టు ఉంటుంది. మన రాష్ట్రంలో పందుల బెడద మీద ప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది, సర్పంచులకు గౌరవ వార్డెన్ల హోదా ఇచ్చి, లిస్టులో ఉన్న షూటర్లతో కొట్టించేందుకు అనుమతి ఇచ్చే అధికారం పెట్టింది. కాగితం మీద మంచి ఆలోచనే. కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా, దగ్గర దగ్గర రెండేళ్లు, ఊళ్లల్లో సర్పంచులే లేకపాయె, స్పెషల్ ఆఫీసర్ల పాలన. నాలుగైదు ఊళ్లకు ఒక ఆఫీసరు, ఆయనకు డ్రైనేజీ చూసుకోవడానికే టైం లేదు, పందుల అర్జీ ఎక్కడ చూస్తాడు. లిస్టులో షూటరు హైదరాబాద్ నుంచి రావాలి, పంది ఆయన వచ్చేదాకా ఆగుతుందా? పక్కనే లైసెన్స్ తుపాకీ ఉన్న రైతుకు ట్రైనింగ్ ఇచ్చి ఆ లిస్టులో చేరిస్తే ఏం పోతుందో నాకు అర్థం కాదు.

తుపాకీ కష్టమైనచోట జనం ఏం చేస్తున్నారో కూడా చూడాలి కదా. చేను చుట్టూ బైండింగ్ వైరు కట్టి నేరుగా కరెంటు ఇస్తున్నారు. పంది కోసం పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన రైతు తగిలి చనిపోయాడన్న వార్త మన జిల్లాల పేపర్లలో ప్రతి సీజన్‌కూ వస్తుంది, చాలాసార్లు తీగ కట్టినవాడే, లేదా వాడి కొడుకే. కొన్నిచోట్ల పిండిలో నాటు బాంబు పెట్టి వదులుతారు, ఆవు నోరు పగులుతుంది. కరెంటు తీగకు లైసెన్స్ లేదు, డాక్టర్ సర్టిఫికెట్ లేదు, అది రాత్రంతా ఎవరి కాలు వస్తుందా అని చూస్తుంది. మా తుపాకీ తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, తూటాలు ఇంకో గదిలో ఉంటాయి. ఏది ప్రమాదం?

ఇక ఎన్నికలు. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు, అదే నెల చివర గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఉప ఎన్నిక, 2025 ఫిబ్రవరిలో టీచర్ ఎమ్మెల్సీ, 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో పంచాయతీ. ప్రతిదానికీ కాకపోయినా, ఎన్నికలంటే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుందని లైసెన్స్ ఉన్న ఎవరినడిగినా చెప్తారు: తెచ్చి పెట్టు. డిసెంబర్‌లో కంది కాయ మీద ఉంటుంది, యాసంగి పల్లి అప్పుడే లేస్తుంటుంది, పందులకు పోలింగ్ తేదీలు తెలియవు. అసలు రూలు అట్లా లేదు. జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ కూర్చుని, బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గొడవల్లో పేరున్నవాళ్లు ఎవరో మనిషి మనిషినీ చూసి తేల్చాలి. అందరినీ ఒకే గాటన కట్టి పెట్టమనడం కుదరదని బాంబే హైకోర్టు 2009లో గోవా కేసులో చెప్పింది, 2024లో పార్లమెంటు ఎన్నికల ముందు అలహాబాద్ హైకోర్టూ అదే అంది. అయినా మా దాకా వచ్చేది ఫోనే, రాతపూర్వక ఆర్డర్ కాదు. ఆర్డర్ కాపీ అడిగితే "నువ్వేమన్నా వకీలువా" అంటారు.

చాచా షాపు ఇక్కడ మళ్లీ అక్కరకొచ్చింది. స్టేషన్‌లోనే పెట్టాలని లేదు, భద్రపరిచే అనుమతి ఉన్న డీలర్ దగ్గర పెట్టి రసీదు చూపించొచ్చు. ఒకసారి స్టేషన్‌లో పెడితే తిరిగొచ్చేసరికి బ్యారెల్ మీద ఎర్రగా తుప్పు, చెక్క మీద ఎవరో గోరుతో గీకినట్టు గీతలు, లోపల సాలెగూడు. ఈ పంచాయతీ ఎన్నికలకు చాచా దగ్గర పెట్టాం. నూనె గుడ్డ చుట్టి, చీటీ కట్టి, ఇనుప బీరువాలో పెట్టాడు, రసీదు మీద ముద్ర, నంబరు, తేదీ. నెలకు కొన్ని వందల అద్దె. ఇచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి విప్పి చూపించి ఇచ్చాడు. డబ్బులు దండగ అనిపించలేదు, అయితే నాకు ఇష్టం లేకుండా పెట్టించినదానికి అద్దె నేనెందుకు కట్టాలి అన్న ప్రశ్న మాత్రం ఉంది.

ఇట్లా మాట్లాడితే వెంటనే వచ్చే మాట, ఇదంతా అమెరికా పైత్యం అని. మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, వాడితో మాట్లాడుతుంటా కాబట్టి అక్కడి సంగతి కొంత తెలుసు. 2008లో హెల్లర్ కేసులో తుపాకీ పెట్టుకోవడం వ్యక్తి హక్కని వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో బ్రూయెన్ కేసులో ఇంటి బయట కూడా ఆ హక్కు ఉందని, న్యూయార్క్‌లో అధికారి దయ మీద ఇచ్చే పర్మిట్ పద్ధతి చెల్లదని కొట్టేసింది. అట్లని అంతా వదిలేయలేదు, గృహహింస కేసులో కోర్టు ఆంక్షలున్నవాడికి తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 2024లో రహీమీ కేసులో ఎనిమిది ఒకటి తేడాతో సమర్థించింది. నంబరు లేని ఘోస్ట్ గన్‌ల మీద పెట్టిన రూలును 2025 మార్చిలో నిలబెట్టింది. సైలెన్సర్ల మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్నును 2025లో ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు. ఇంకా తమాషా ఏంటంటే, టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే తుపాకీ పట్టుకుని తిరగొచ్చు, కానీ మావాడు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా వాడు తుపాకీ పెట్టుకోకూడదు. అక్కడా గీతలున్నాయి. తేడా ఏంటంటే ఆ గీత ఎక్కడ గీయాలని బహిరంగంగా కొట్లాడుకుంటారు, కోర్టులో తేల్చుకుంటారు, ఓట్లు అడుగుతారు. మన దగ్గర టేబుల్ వెనక సారు గీస్తాడు.

అయినా దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం యూరోపియన్లను వదిలేసి మనవాళ్ల చేతుల్లోంచి ఆయుధం లాక్కుంది. దాన్ని బ్రిటిష్ వాళ్లు చేసిన దుర్మార్గాల్లోకెల్లా నల్లటిదని గాంధీయే 1918లో కరపత్రం వేశాడు. 1931లో పటేల్ అధ్యక్షతన కరాచీ కాంగ్రెస్ చేసిన హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా ఉంది. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్నే గుర్తుచేసి సవరణ పెట్టాడు, అంబేడ్కర్ ఒప్పుకోలేదు, వీగిపోయింది. అదే చలికాలంలో మన నల్లగొండ ఊళ్లల్లో సైన్యం తుపాకుల కోసం ఇల్లిల్లూ గాలిస్తోంది. రజాకార్లు, దేశ్‌ముఖ్‌ల మనుషులు తుపాకులతో వస్తే ముందు వడిసెలలతో, కారంపొడితో నిలబడింది ఈ జిల్లా జనమే, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది దొర మనుషుల తుపాకీకే. ఆయుధం ఒకడి దగ్గరే ఉంటే ఏమవుతుందో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కరాచీ తీర్మానం చేసిన పార్టీయే ఇవ్వాళ రాష్ట్రంలో అధికారంలో ఉంది, ముఖ్యమంత్రిదీ మన పాలమూరే, కానీ ఈ మాట అసెంబ్లీలో ఎవరి నోటా రాదు. బీఆర్ఎస్ పదేళ్లలో రాలేదు. ఢిల్లీలో బీజేపీ అయితే 2019 సవరణలో మూడు తుపాకుల పరిమితిని ఏకంగా ఒకటికి దించుదామని బిల్లు పెట్టి, గోల అయ్యాక రెండు దగ్గర ఆగింది.

ఆ సవరణలో మంచీ ఉంది, అది కూడా చెప్పాలి. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు అయింది. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెచ్చేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు. నేను దానికి పూర్తిగా ఒప్పుకుంటా, నన్నడిగితే లైసెన్స్ కూడా అక్కడికక్కడే రద్దు చేయాలి. దొంగ తుపాకులు చేసేవాళ్లకు ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెంచారు, అదీ సరే. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో లైసెన్స్ లేని తుపాకుల మీద తనంతట తానే కేసు చేపట్టింది, మన రాజ్యాంగంలో అమెరికాలా ఆయుధ హక్కు లేదని కూడా అప్పుడే అంది. లేదు, నిజమే. కానీ దేశంలో నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ అంకెలు ఎప్పుడు తీసినా తుపాకీ హత్యల్లో చాలావరకు లైసెన్స్ లేని వాటితోనే. బీహార్‌లోని ముంగేర్‌లో దొంగచాటుగా చేసిన తమంచా పెట్టుకున్నవాడు ఎన్నికలప్పుడు స్టేషన్‌కు తెచ్చి అప్పగిస్తాడా? తెచ్చేది నేను, నాలాంటివాళ్లు.

దేశంలో వేరే పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. కర్ణాటకలో కొడగు పోయి చూడండి, అక్కడి కొడవ జనానికి, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల వాళ్లకు ఆయుధ లైసెన్స్ నుంచి మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచి ఉంది, 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సరేనంది. అక్కడేమీ రోజూ కాల్పులు జరగడం లేదు. అస్సాంలో 2025 మేలో హిమంత బిశ్వ శర్మ ప్రభుత్వం ముప్పున్న, మారుమూల ప్రాంతాల్లోని మూలవాసులకు లైసెన్స్‌లు సులువు చేస్తామని నిర్ణయం తీసుకుంది. ఇది చూసి నా మిత్రులు కొందరు చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు. ఫలానా జనానికి ఇస్తాం, పక్కింటివాళ్లకు ఇవ్వం అంటే అది హక్కు ఎట్లా అవుతుంది, రేపు ఇంకో సర్కారు వచ్చి లిస్టు తిప్పేస్తుంది. నేరచరిత్ర లేదు, ఒళ్లూ మనసూ బాగున్నాయి, ట్రైనింగ్ ఉంది, ఇంత చూసి ఎవరడిగినా ఇవ్వండి. చందంపేట తండా మనిషికీ అదే, అబిడ్స్ సేటుకూ అదే.

మా ఊరి టీచరు ఒకాయన నాతో ఎప్పుడూ వాదిస్తాడు. ఇంట్లో తుపాకీ ఉంటే కోపంలో ఏదైనా జరుగుతుంది, పిల్లలు ముట్టుకుంటారు, అప్పుల బాధలో ఉన్న రైతు చేతికి అది ఇవ్వడం ఏం తెలివి అంటాడు. చివరి మాట దగ్గర నేను ఆగిపోతా, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అందుకే డాక్టర్ సర్టిఫికెట్ అనేది వంద రూపాయలకు ముద్ర కొట్టిచ్చే కాగితం కాకుండా నిజంగా మనిషితో మాట్లాడి ఇచ్చేదిగా ఉండాలంటా, ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేనప్పుడు తుపాకీ కొన్నాళ్లు డీలర్ దగ్గర పెట్టే అలవాటు ఉండాలంటా. చాచా కూడా అట్లా పెట్టుకోవడానికి వచ్చినవాళ్లను ఒక్క మాట అడగడు, తీసుకుని రసీదిస్తాడు. ఆఫీసులు కఠినంగా ఉండాల్సింది ఇట్లాంటిచోట, ఫైలు కింద పెట్టుకోవడంలో కాదు.

షాపు మీద ఇంకో చిన్న ఫిర్యాదు: కుర్రాడొకడు ఉన్నాడు, వచ్చిన ప్రతివాడికీ విదేశీ ఎయిర్ రైఫిల్ అంటగట్టాలని చూస్తాడు, "లైసెన్స్ అక్కర్లేదు అన్నా" అంటూ. 0.177 అంగుళం దాటని బోరు, 20 జౌల్స్ దాటని శక్తి ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు, పెట్టె మీద రాసింది చదివి కొనండి. అది పందిని బెదిరించలేదు, పిట్టను కొడితే మళ్లీ వన్యప్రాణి కేసు. డబ్బా పెట్టి గురి నేర్చుకోవడానికైతే సరే, అప్పుడు కూడా మన దేశీ రకం చాలు.

పోయేవాళ్లకు: లైసెన్స్ అసలుది తీసుకుపోండి, జిరాక్స్ నడవదు. తుపాకీ ఖాళీ చేసి పూర్తిగా కవర్‌లో పెట్టి సొంత బండిలో పోండి, కనబడేట్టు పట్టుకుపోవడం నియమాలకు విరుద్ధం. తూటాలు వేరే సంచిలో. రెన్యూవల్ గడువు దగ్గర పడితే ముందే దరఖాస్తు రసీదు చేతిలో పెట్టుకోండి, గడువు దాటిన పుస్తకం చూపిస్తే చాచా కుర్చీ కూడా వేయడు. ఎల్‌జీ కావాలంటే నెల మొదటి వారంలో పోతే దొరికే అవకాశం కాస్త ఎక్కువ, శుక్రవారం నమాజు వేళ షాపు మూసి ఉంటుంది, ఆదివారం అసలే తీయరు.